జర్మనీలో పక్కింటివాళ్లకు కోపం ఎందుకొస్తుంది?

ఏటా సెప్టెంబరు చివరి వారం వచ్చేసరికి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో జర్మనీ వెళ్లే పిల్లల సందడి పెరుగుతుంది. అక్కడ వింటర్ సెమిస్టర్ మొదలయ్యే కాలం అది. 2023-24లో జర్మనీ యూనివర్సిటీల్లో చదువుతున్న భారతీయ విద్యార్థులు 49 వేలు దాటారు. అక్కడి విదేశీ విద్యార్థుల్లో చైనా వాళ్లకంటే మనవాళ్లే ఎక్కువ. అందులో తెలుగు రాష్ట్రాల పిల్లలు చాలామంది. బయలుదేరే ముందు వీళ్లకు అందే సలహాలన్నీ ఖర్చుల డబ్బు ముందే జమచేసే బ్లాక్డ్ అకౌంట్, ఇక్కడి చదువు పత్రాలు సరైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్, వీసా స్లాట్, సూట్‌కేసులో ఎన్ని కిలోల పచ్చళ్లు పడతాయి అనే వాటి చుట్టూనే తిరుగుతాయి. మర్యాదల సంగతి ఎవరైనా ఎత్తితే ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలి, షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలి అనే దగ్గర ఆగిపోతారు.

ఫోర్కు కుడిచేత్తో పట్టుకున్నారని జర్మనీలో ఎవరినీ ఇల్లు ఖాళీ చేయమనరు. ఓనరు దగ్గర్నుంచి నోటీసు తెచ్చిపెట్టేవి, పక్కింటివాళ్లు పలకరించడం మానేసేలా చేసేవి, డిపాజిట్ సగం పోయేలా చేసేవి వేరే ఉన్నాయి. అవన్నీ ఇంటి గోడల మధ్య జరిగేవి. రాత్రి పదిన్నరకు తిప్పిన మిక్సీ, బాత్రూం నేల మీద ఒలికిన నీళ్లు, తప్పుడు డబ్బాలో పడేసిన చెత్త సంచి, విప్పకుండా పక్కన పెట్టిన ఉత్తరం. కొత్తవాళ్లకు ముందుగా చెప్పాల్సినవి ఇవేనని నా గట్టి నమ్మకం.

మన దగ్గర ఇరుగుపొరుగు మాట మీద నడుస్తుంది. "ఆంటీ, ఇవాళ బాబు పుట్టినరోజు, కాస్త సౌండ్ ఉంటుంది" అని చెబితే ఆవిడ సర్దుకుంటుంది. రేపు వాళ్లింట్లో వ్రతమైతే మనం సర్దుకుంటాం. జర్మనీ అపార్ట్‌మెంట్లోనూ సర్దుబాటు ఉంది. కాకపోతే అది పరిచయమైన తర్వాత వచ్చేది. పరిచయం లేని దశలో రాతలో ఉన్న నియమాన్ని పాటించడమే ఎదుటివాళ్లకు ఇచ్చే గౌరవం. అగ్రిమెంటుతో పాటు ఇచ్చే ఇంటి నియమాల కాగితాన్ని, అదే హౌస్‌ఓర్డ్‌నుంగ్‌ను, మనవాళ్లు ఆఫీసు ఫార్మాలిటీ అనుకుని సంతకం పెట్టేస్తారు. అక్కడివాళ్లు మాత్రం దాన్ని మెట్ల మీద ఎదురయ్యే మనుషులందరికీ ఇచ్చిన మాటగా చూస్తారు. చాలా గొడవలకు మూలం ఈ తేడాలోనే ఉంది.

శబ్దం, ఆదివారం

రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నిశ్శబ్దం పాటించాలన్నది దాదాపు దేశమంతా ఉన్న పద్ధతి. కొన్ని ఇళ్ల నియమాల్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు వరకు కూడా ఉంటుంది. ఆదివారాలు, సెలవు దినాల్లో రోజంతా అంతే. డ్రిల్లింగ్ మిషన్, గడ్డి కోసే మిషన్ బయటికి తీయరు. వీధి చివర ఉండే గాజు సీసాల డబ్బాలో సీసా వేసినా చప్పుడేనని దాని మీద కూడా టైమింగులు రాసి ఉంటాయి.

ఇది ముసలివాళ్ల చాదస్తమని కొట్టిపారేస్తే పొరపాటు. ఆదివారాన్ని విశ్రాంతి రోజుగా కాపాడాలని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని 139వ అధికరణం చెప్పింది. 1949లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఆ వాక్యాన్ని 140వ అధికరణం ద్వారా అలాగే నిలబెట్టుకున్నారు. ఆదివారం దుకాణాలు మూతపడటం కూడా ఈ దారిలోదే. పాలు, పెరుగు, కూరగాయలు శనివారమే తెచ్చుకోవాలి. మరిచిపోతే పెద్ద రైల్వే స్టేషన్లలోని షాపులే దిక్కు.

మన పిల్లలకు వారంలో ఇల్లు సర్దుకోవడానికి దొరికేది ఆ ఒక్క రోజే. దోసెల పిండి రుబ్బడం, వాక్యూమ్ క్లీనర్, వాషింగ్ మెషిన్, ఆపైన నలుగురు స్నేహితులతో బిర్యానీ, అన్నీ ఆదివారమే పడతాయి. పాత భవనాల్లో నేల చెక్కది. పైన మడమలతో గట్టిగా నడిస్తే కింద గదిలో పడుకున్నవాళ్లకు ప్రతి అడుగూ వినిపిస్తుంది. ఇంట్లో మెత్తటి స్లిప్పర్లు వేసుకోవడం, పిండి శనివారం సాయంత్రమే రుబ్బుకోవడం, వాషింగ్ మెషిన్ ఎప్పుడు వేసుకోవచ్చో ఇంటి నియమాల్లో చూసుకోవడం పెద్ద కష్టమేం కాదు. పార్టీ ఉంటే రెండు రోజుల ముందు మెట్ల దగ్గర చిన్న కాగితం అంటించే అలవాటు అక్కడ ఉంది. తేదీ, ఫ్లాట్ నంబరు, ఇబ్బందైతే చేయాల్సిన ఫోన్ నంబరు రాస్తారు. దానివల్ల పది తర్వాత పాటలు పెట్టుకునే హక్కేమీ రాదు. కానీ మనమీద సదభిప్రాయం ఏర్పడుతుంది, పోలీసులకు వెళ్లాల్సిన ఫోన్ మనకే వస్తుంది.

దీపావళి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జర్మనీలో మామూలు టపాసులు డిసెంబరు చివరి రోజుల్లోనే అమ్ముతారు. జనం వాటిని కాల్చడానికి అనుమతి ఉన్నది డిసెంబరు 31, జనవరి 1 తేదీల్లోనే. అక్టోబరు చీకట్లో హఠాత్తుగా లక్ష్మీబాంబు పేలితే చుట్టుపక్కలవాళ్లకు పండుగ గుర్తుకు రాదు, భయమే వేస్తుంది. కాకరపువ్వొత్తుల్లాంటి చిన్నవాటికి ఏడాది పొడవునా అనుమతి ఉంది. దీపాలు పెట్టుకుని, స్వీట్లు డబ్బాలో సర్ది ఎదురింటి తలుపు తట్టి ఇస్తే ఆ రోజు మన పండుగ వాళ్లకూ తెలుస్తుంది.

నీళ్లు, ఆవిరి, పొగ

ఇల్లు కట్టే తీరే వేరు. మన బాత్రూంలో నేలకు వాలు, మూలన జాలీ ఉంటాయి. బకెట్ నీళ్లు కుమ్మరించి చీపురుతో కడిగితే శుభ్రమైనట్టు. జర్మనీలో చాలా బాత్రూముల నేలలో నీళ్లు పోయే దారే ఉండదు. ఒలికిన నీళ్లు టైల్స్ సందుల్లోంచి దిగి కింది ఫ్లాట్ సీలింగ్‌లో మరకగా తేలతాయి. ఆ రిపేరు ఖర్చు వందల్లో, ఒక్కోసారి వేల యూరోల్లో ఉంటుంది. స్నానం షవర్ అద్దాల లోపలే ముగించుకుని, నేలను తడిబట్టతో తుడుచుకోవాలి. అక్కడ కాలు పెట్టిన మొదటి నెలలోనే హాఫ్ట్‌ఫ్లిష్ట్ ఇన్సూరెన్స్ తీసుకోమని ప్రతి విద్యార్థికీ చెబుతాను. మన అజాగ్రత్త వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని అది భరిస్తుంది. నెలకు కొద్ది యూరోలే.

ఆవిరి సంగతి ఇంకా సూక్ష్మమైనది. బయట మైనస్‌లో ఉంటే కిటికీలు బిగించుకుని హీటర్ పెంచుకోవడం మనకు సహజంగా వచ్చే ఆలోచన. జర్మన్లు చలికాలంలోనూ రోజుకు రెండు మూడుసార్లు హీటర్ కట్టేసి, కిటికీలు పూర్తిగా తెరిచి, ఐదు పది నిమిషాలు గాలి ఆడనిస్తారు. లుఫ్టెన్ అనే ఈ అలవాటును వాళ్లు దాదాపు నిత్యకర్మలా పాటిస్తారు. కుక్కర్ ఆవిరి, వేడినీళ్ల స్నానం, గదిలో ఆరేసిన బట్టలు కలిసి గాలిలో తేమను పెంచుతాయి. ఆ తేమ చల్లటి గోడ మూలకు తగిలి నీరవుతుంది, వారాల్లో అక్కడ నల్లటి బూజు పడుతుంది. ముగ్గురు నలుగురు కలిసి ఉండి, మూడు పూటలా వండుకునే మన ఇళ్లలో ఇది తొందరగా వస్తుంది. అద్దె డిపాజిట్, హీటింగ్ వగైరా కలపని అద్దె లెక్కన మూడు నెలల మొత్తం వరకు ఉండొచ్చని చట్టం చెబుతోంది. ఖాళీ చేసే రోజు గోడ మీద బూజు కనిపిస్తే తగవు మొదలయ్యేది ఆ డబ్బు దగ్గరే. తప్పు భవనానిదా, కిటికీ తెరవని మనదా అన్నది అప్పుడు తేల్చుకోవడం కష్టం. అందుకే ఇంట్లో దిగిన రోజే ప్రతి గోడకూ ఫోటో తీసి పెట్టుకోవాలి.

ఇక పోపు. పడకగదుల్లో, బయటికి వెళ్లే దారిలో పొగను పసిగట్టే అలారం ఉండాలని జర్మనీలోని 16 రాష్ట్రాలూ నియమం పెట్టాయి. ఎండుమిర్చి మాడిన ఘాటుకు, సాంబ్రాణి పొగకు అది మోగుతుంది. మోగగానే మనవాళ్లు కంగారులో గది తలుపు తీసి పొగను కారిడార్‌లోకి తోలేస్తారు. హాస్టళ్లలో అదే కొంప ముంచే పని. కారిడార్ అలారం మొత్తం భవనానిది. అర్ధరాత్రి అందరూ చలికోట్లు తగిలించుకుని కిందికి దిగాలి, ఫైర్ ఇంజిన్ వస్తుంది, దాని బిల్లు మన పేరు మీద రావచ్చు. తలుపు మూసి కిటికీ తెరవాలి. అలారానికి ప్లాస్టిక్ కవర్ కట్టేసే తెలివి మాత్రం ఎవరికీ వద్దు. అందులో పోయేవి ప్రాణాలు.

మన వంట వాసన గురించి మాట్లాడితే కొందరు నొచ్చుకుంటారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంగువ, ఆవాల వాసనకు సిగ్గుపడాల్సిన పని ఎవరికీ లేదు, నచ్చిన తిండి వండుకునే హక్కు అద్దెకున్నవాళ్లకు ఉంది. అయితే చలికోటు వంటగదిలో వేలాడదీస్తే ఆ వాసన ఊలులో వారాల తరబడి ఉండిపోతుంది, క్లాసులో పక్కన కూర్చున్నవాళ్లకు అదే తగులుతుంది. కోటును వేరే గదిలో, తలుపు ఉన్న బీరువాలో పెడితే సరిపోతుంది.

చెత్త డబ్బాలు

రంగులు ఊరిని బట్టి మారతాయి గానీ పద్ధతి ఒక్కటే. ప్యాకింగ్ ప్లాస్టిక్, రేకు డబ్బాలు పసుపు డబ్బాలోకి లేదా పసుపు సంచిలోకి. కాగితం నీలం దానిలోకి. కూరగాయల తొక్కలు బయో డబ్బాలోకి. మిగిలింది నల్ల దానిలోకి. గాజు సీసాలను తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులుగా విడదీసి వీధి డబ్బాల్లో వేయాలి. ప్యాకింగ్ చెత్తను విడిగా సేకరించడం 1991 నుంచి నడుస్తోంది. ఒక తరమంతా చిన్నప్పటి నుంచి ఇలాగే పెరిగింది. వాళ్లకు ఇది చేతిలో అలవాటు, మనకు కొత్త.

బయో డబ్బాలో ప్లాస్టిక్ కవర్ కనిపిస్తే చెత్త బండివాళ్లు ఆ డబ్బాను ముట్టుకోకుండా వెళ్లిపోవచ్చు. దాన్ని మళ్లీ తీయించడానికి అయ్యే అదనపు ఖర్చు మెయింటెనెన్స్ బిల్లులో కలిసి ఇంట్లో అందరి మీదా పడుతుంది. ఒకరి బద్ధకానికి పది కుటుంబాలు డబ్బు కడతాయి. పక్కింటి పెద్దాయన మన సంచి విప్పి చూపించి గట్టిగా మాట్లాడితే మనకు అవమానంగా ఉంటుంది. ఆయన కోణంలో ఆయన జేబుకు చిల్లు పడింది.

ఒకసారి వాడే ప్లాస్టిక్ సీసాలు, క్యాన్ల మీద 2003 నుంచి డిపాజిట్ ఉంది, ఒక్కోదానికి 25 సెంట్లు. సూపర్‌మార్కెట్ మిషన్‌లో వేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. బయట తాగిన సీసా వెంట తీసుకెళ్లలేకపోతే చెత్త డబ్బా లోపల వేయకుండా పక్కన నిలబెట్టి వెళ్లేవాళ్లు చాలామంది. సీసాలు ఏరుకుని ఆ డబ్బుతో రోజు గడుపుకునే పేదవాళ్లు చెత్తలో చేయి పెట్టాల్సిన అవసరం రాకూడదని. జర్మనీలో నాకు బాగా నచ్చిన మర్యాద ఇది. ఎవరూ అడగరు, ఎవరూ చూడరు.

అన్నా, రెండు వారాలు మీ దగ్గర ఉండొచ్చా?

అక్టోబరులో ప్రతి తెలుగు వాట్సాప్ గ్రూపులో వినిపించే ప్రశ్న ఇది. బెర్లిన్, మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో గది దొరకడం ఎంత కష్టమో వెతికినవాళ్లకు తెలుసు. ఊరి పిల్లాడు సూట్‌కేసులతో స్టేషన్లో నిలబడితే కాదనే మనసు మనవాళ్లకు ఉండదు. ఉండకూడదు కూడా. పరాయి దేశంలో మన సమాజాన్ని నిలబెట్టింది ఈ గుణమే.

కానీ రెండు వారాలు రెండు నెలలవుతాయి. ఒక్కరికి రాసిచ్చిన గదిలో ముగ్గురు పడుకుంటారు. కొద్ది వారాల అతిథిని ఏ ఓనరూ ఆపలేడు. అక్కడే కాపురం పెట్టేలా ఉంటే మాత్రం అనుమతి అడగాలి, అద్దె పంచుకుంటే అది ఇంకొకరికి గదిని తిరిగి అద్దెకు ఇచ్చినట్టే. అనుమతి లేకుండా అలా చేస్తే అగ్రిమెంటు రద్దు దాకా పోతుంది. నీళ్ల బిల్లును మనుషుల లెక్కన పంచే ఇళ్లలో, దాచిపెట్టిన ఇద్దరి ఖర్చు పక్కవాళ్ల మీద పడుతుంది. ముందే ఒక మెయిల్ పెడితే, "నా స్నేహితుడు ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు ఉంటాడు" అని రాస్తే, ఒప్పుకునే ఓనర్లు ఉన్నారు. దాచిన విషయం బయటపడ్డాక ఒప్పుకునేవాళ్లు అరుదు.

దీనికి తమ్ముడులాంటి ఇంకో కోరిక ఉంది. "నీ అడ్రస్ మీద ఆన్‌మెల్డుంగ్ చేయించుకోనా?" కొత్త ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు మున్సిపల్ ఆఫీసులో అడ్రస్ నమోదు చేసుకోవాలి. అది లేకపోతే రెసిడెన్స్ పర్మిట్ దగ్గర్నుంచి చాలా పనులు ఆగుతాయి కాబట్టి టెన్షన్ అర్థం చేసుకోదగిందే. కానీ నిజంగా నివాసం లేని మనిషికి అడ్రస్ ఇస్తే, ఇచ్చినవాళ్ల మీద 50 వేల యూరోల వరకు జరిమానా వేసే వీలు చట్టంలో ఉంది. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. సాయం చేయాలనుకుంటే గది వెతికిపెట్టండి, గది చూడటానికి వెంట వెళ్లండి, ఓనరుకు జర్మన్‌లో మెయిల్ రాసిపెట్టండి.

ఉత్తరాల సంగతి కూడా ఇక్కడే. పోస్టుబాక్సు మీద మన పేరు అంటించకపోతే ఉత్తరం తిరిగి వెళ్లిపోతుంది. వచ్చినవి జర్మన్‌లో ఉన్నాయని పక్కన పడేస్తారు. అలాంటి ఉత్తరాల్లో ఒకటి రేడియో టీవీ ఫీజుది. అది ఇంటికి నెలకు 18.36 యూరోలు, ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాలి. గదులు పంచుకునే ఇంట్లో ఒకరు కడితే చాలు. కట్టకపోతే బకాయి పెరుగుతూ పోతుంది. పక్కింటివాళ్ల ఫిర్యాదు కూడా ఇలా ఉత్తరంగానే వస్తుంది. మొదట తలుపు మీద చిన్న చీటీ, తర్వాత ఓనరు ఉత్తరం, ఆపైన లిఖిత హెచ్చరిక, చివరికి ఖాళీ చేయమనే నోటీసు. ఎవరూ ఇంటికొచ్చి అరవలేదు కాబట్టి అంతా బాగుందనుకుంటాం. మొదటి చీటీ రోజే తలుపు తట్టి క్షమించమని అడిగితే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది.

నవ్వుకు దొరకని విషయాలు

ఇంట్లో క్రమశిక్షణ ఎక్కువగా ఉండే నాన్ననో, కఠినంగా ఉండే లెక్చరర్‌నో "హిట్లర్" అనడం తెలుగులో మామూలైపోయింది. జర్మనీలో ఆ మాట సరదాకి కూడా నోట రాకూడదు. ఫోటో కోసం చేయి చాచి నాజీ సెల్యూట్ చేయడం అక్కడ నేరం. శిక్షాస్మృతిలోని 86ఎ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా పడొచ్చు.

స్వస్తిక్ విషయంలో మన పిల్లలకు ముందే చెప్పి పంపాల్సిన బాధ్యత తల్లిదండ్రులది. గృహప్రవేశానికి గుమ్మం మీద, కొత్త కారుకు పూజ చేసి బానెట్ మీద పసుపు కుంకుమలతో వేస్తాం. ఆ చట్టం గురిపెట్టింది ఇదే పోలికలో ఉండే నాజీ చిహ్నం మీద, మన పూజ మీద కాదు. అయినా మెట్లెక్కి వచ్చే పొరుగింటి మనిషికి ఆ గుర్తు చూడగానే కలిగేది వేరే భావం. ఆ ఇంట్లో ఒకప్పుడు ఉన్న యూదు కుటుంబాన్ని ఎక్కడికి తరలించారో రాసి ఉన్న ఇత్తడి పలక అదే గుమ్మం ముందు పేవ్‌మెంట్‌లో పొదిగి ఉండవచ్చు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990లలో మొదలుపెట్టిన ఈ పలకలు 2023 నాటికి యూరప్ అంతటా లక్ష దాటాయి. పూజగదిలో, దేవుడి పటం దగ్గర ఉంచుకోవడంలో ఎవరికీ ఇబ్బంది లేదు. వీధికి కనిపించే చోట వద్దు. ఎవరైనా ఇంటికొచ్చి చూసి అడిగితే ఓపిగ్గా వివరించండి, కోపం తెచ్చుకోకండి. వేల ఏళ్లుగా మనకు శుభమైన గుర్తును అలా పాడుచేసినవాళ్ల మీద బాధ మనకూ ఉంటుంది. కానీ వాళ్ల చేతుల్లో చనిపోయినవాళ్ల ముందు ఆ వాదన పెట్టుకోలేం.

బెర్లిన్ నడిబొడ్డున 2005లో తెరిచిన స్మారకం ఉంది. 2,711 కాంక్రీటు దిమ్మెలు. హత్యకు గురైన యూరప్ యూదుల జ్ఞాపకంగా కట్టింది. అక్కడ దిమ్మె నుంచి దిమ్మెకు దూకుతూ రీల్స్ తీసేవాళ్లలో అన్ని దేశాలవాళ్లూ ఉంటారు, మనవాళ్లూ ఉంటారు. దయచేసి వద్దు. పనిలో పనిగా రీల్స్ గురించే ఇంకో మాట. తన ఫోటో మీద హక్కు ఆ మనిషిదేనని జర్మనీ 1907 నాటి చట్టంలోనే రాసుకుంది. ట్రామ్‌లో ఎదుటివాళ్ల ముఖాలు, పార్కులో ఆడుకునే పిల్లలు వీడియోలో పడితే తల్లిదండ్రులు నేరుగా వచ్చి తీసేయమంటారు, అడిగే హక్కు వాళ్లకుంది.

"చూద్దాం" అంటే అక్కడ ఏమిటి?

మొహమాటానికి సరే అనడం మన దగ్గర సంస్కారం. పెద్దవాళ్లు పిలిస్తే "తప్పకుండా వస్తాం" అంటాం, రాలేమని ఇద్దరికీ తెలిసినా సరే. జర్మనీలో సరే అంటే క్యాలెండర్‌లో రాసుకుంటారు. నలుగురికి వంట చేసి, నాలుగు కంచాలు పెట్టి కూర్చుంటారు. వెళ్లకపోవడం, వెళ్లినా చెప్పకుండా ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకోవడం ఆ ఇంటివాళ్లను నిజంగా బాధపెడుతుంది. "లేదు, ఈసారి కుదరదు" అంటే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇది ఆఫీసులో ఇంకా పెద్ద నష్టం చేస్తుంది. పార్ట్‌టైమ్ ఉద్యోగంలో మేనేజర్ "శుక్రవారానికి అవుతుందా" అని అడిగితే అవదని తెలిసి కూడా తలూపుతారు. గురువారం రాత్రి వరకు పడుకోరు, శుక్రవారం ఉదయం సెలవు పెడతారు. మంగళవారమే "సగమే అవుతుంది" అని చెప్పి ఉంటే ఆ మేనేజర్ ఇంకొకరికి పని పంచి ఉండేవాడు. అలాగే మీటింగులో "ఇది తప్పు" అని నలుగురిలో అనేస్తే మనకు ముఖం చెల్లదు. పది నిమిషాల తర్వాత ఆ మనిషే కాఫీకి పిలుస్తాడు. తప్పన్నది పనిని, మనల్ని కాదు. దీనికి అలవాటు పడటానికి కాలం పడుతుంది, అది సహజం.

టైము గురించి అందరూ చెబుతారు కాబట్టి రెండే మాటలు. డాక్టర్ అపాయింట్‌మెంటుకు వెళ్లలేకపోతే ముందు రోజే ఫోన్ చేయాలి, కొందరు డాక్టర్లు రానందుకూ డబ్బు అడుగుతారు. యూనివర్సిటీ టైంటేబుల్లో క్లాసు పక్కన "సి.టి." అని ఉంటే రాసిన టైముకు పావుగంట తర్వాత మొదలవుతుంది, "ఎస్.టి." అని ఉంటే నిమిషం కూడా ఆగదు. పుట్టినరోజు శుభాకాంక్షలు ముందురోజు చెప్పకండి, అరిష్టమని నమ్ముతారు. ఆఫీసులో ఎవరి పుట్టినరోజైతే వాళ్లే కేకు తెస్తారు. గ్లాసులు తాకించేటప్పుడు, జ్యూసైనా సరే, కళ్లలోకి చూడాలి. డాక్టర్ వెయిటింగ్ రూములోకి అడుగుపెట్టగానే, మెట్ల మీద ఎదురైనప్పుడు, చిన్న కొట్లోకి వెళ్లగానే గుటెన్ టాగ్ అనాలి. నవ్వకపోయినా ఫర్వాలేదు, పలకరించకపోతే తప్పు. ఎర్ర సిగ్నల్‌లో నడిచి రోడ్డు దాటితే 5 యూరోల జరిమానా, టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు. డబ్బుకంటే ముఖ్యంగా, చిన్నపిల్లలు చూస్తుండగా ఎర్రలైటు దాటేవాళ్లను పక్కన నిలబడ్డ ముసలమ్మ కూడా కేకలేస్తుంది. సైకిల్ దారిలో కబుర్లాడుతూ నడవకండి.

మరి తప్పంతా మనదేనా?

కాదు. తెలియని మనిషి వచ్చి సరిచేస్తే, చాలాసార్లు అది ఆ సమాజం తన వాళ్లందరితో మాట్లాడే తీరే. చెత్త తప్పుగా వేసిన జర్మన్ కుర్రాడికీ అవే అక్షింతలు పడతాయి. కానీ అన్నిసార్లూ అంతే అని నమ్మించడం నిజాయితీ కాదు. తప్పేమిటో చెప్పకుండా రంగునో, దేశాన్నో ఎత్తి మాట్లాడితే అది మర్యాద నేర్పడం కిందికి రాదు. "ఇంతకుముందు ఉన్న ఇండియన్స్ ఇల్లు పాడుచేశారు, మీకు ఇవ్వం" అనే మాట గది వెతుక్కునే మన పిల్లలు వింటూనే ఉన్నారు. ఒకడి బాత్రూం లీకేజీకి ఇంకొకడి దరఖాస్తును తిప్పి పంపడం అన్యాయం, అది చట్ట విరుద్ధం కూడా. "మన పరువు తీయకండిరా" అని కొత్త పిల్లల మీద విరుచుకుపడే సీనియర్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇరవై రెండేళ్ల పిల్లాడు తన చెత్తకు తాను బాధ్యుడు, కోట్లమంది పరువుకు కాదు.

ఆ పిల్లాడికి తెలిసేలా చెప్పాల్సినవాళ్లూ తమ పని సరిగా చేయడం లేదు. జర్మన్ రాని విద్యార్థి చేత పది పేజీల జర్మన్ కాగితం మీద సంతకం పెట్టించుకునే ఓనరు, దాన్ని ఇంగ్లిష్‌లో ఒక్క పేజీగా రాసివ్వొచ్చు. ఫీజులు తీసుకుని పంపే ఇక్కడి కన్సల్టెన్సీలు వీసా రాగానే చేతులు దులుపుకుంటున్నాయి. బయలుదేరే ముందు ఒక్క సాయంత్రం ఈ విషయాలకు కేటాయిస్తే వాళ్లకొచ్చే నష్టమేమీ లేదు.

జాతి, పుట్టుక కారణంగా ఇల్లు నిరాకరించడాన్ని 2006 నాటి సమాన హక్కుల చట్టం నిషేధిస్తోంది. ఓనరు అదే ఇంట్లో ఉంటే కొన్ని మినహాయింపులున్నాయి. ఆ చట్టం కింద పరిహారం కోరాలంటే రెండు నెలల్లోపు అడగాలి. అందుకే ఓనర్లతో మాటలు వీలైనంతవరకు మెయిల్‌లోనే నడపాలి, ఫోన్లో అన్నవాటిని తేదీతో సహా అదే రోజు రాసిపెట్టుకోవాలి, వెంట వచ్చిన స్నేహితుడు విని ఉంటే ఆ సంగతీ రాసుకోవాలి. వివక్ష ఫిర్యాదులపై సలహా ఇచ్చే ఫెడరల్ ఆఫీసు బెర్లిన్‌లో ఉంది, డబ్బు తీసుకోదు. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగితే ఊళ్లోని సలహా కేంద్రం ఎక్కడుందో కూడా చెబుతారు.